అశోక్‌నగర్‌కు అందని ఐదు రూపాయల రైలు

కొవిడ్‌కు ముందు హైదరాబాద్‌లో రోజుకు 121 ఎంఎంటీఎస్ సర్వీసులు నడిచేవి. 2020 మార్చిలో ఆగి, 2021 జూన్ 23న మళ్లీ పట్టాలెక్కినప్పుడు 10 మాత్రమే మిగిలాయి. తర్వాత కొన్ని పెరిగాయి, దారీ పొడవైంది. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ నుంచి మేడ్చల్‌కు, ఫలక్‌నుమా నుంచి ఉందానగర్‌కు పొడిగించారు. 2024 మార్చిలో మౌలాలి–సనత్‌నగర్ బైపాస్ మొదలైంది. ఆ దారిలో ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లి వెళ్లే రైలు సికింద్రాబాద్‌ను తాకదు. హైటెక్ సిటీ ఉద్యోగికి అది దగ్గరి దారే. నగరం నడిబొడ్డుకు పనికీ, చదువుకీ వచ్చేవాళ్లకు కాదు.

చిక్కడపల్లి, లోయర్ ట్యాంక్‌బండ్‌లలో ఎంఎంటీఎస్ స్టేషన్ లేదు. విద్యానగర్‌లోనో కాచిగూడలోనో దిగాలి. అక్కడ ఆటో ఎక్కితే ఐదు రూపాయల టికెట్‌తో మిగిలింది కాస్తా పోతుంది. మెట్రో మాత్రం 2020 ఫిబ్రవరిలోనే చిక్కడపల్లి, నారాయణగూడ గుమ్మంలోకి వచ్చింది. 2025 మేలో దాని గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 69 రూపాయలైంది. రానూపోనూ లెక్కేయండి. అశోక్‌నగర్‌లో గది అద్దె భరించలేక శివారు నుంచి కోచింగ్‌కూ, సెంట్రల్ లైబ్రరీకీ వచ్చే దళిత నిరుద్యోగికి అది పూట భోజనం. మహాలక్ష్మి పథకంతో అమ్మాయిలకు బస్సు ఉచితం, మంచిదే. అబ్బాయిలకు ఆ వెసులుబాటూ లేదు.

ఎంఎంటీఎస్ రెండో దశ ఖర్చులో మూడింట రెండొంతులు రాష్ట్రానిదే. అంటే మన సొమ్మే. కాబట్టి ఉదయం, సాయంత్రం ఉందానగర్ లైన్లో మరిన్ని రైళ్లు కావాలని రైల్వేను అడగాలి. ఆ రైళ్ల వేళలకు విద్యానగర్ స్టేషన్ నుంచి చిక్కడపల్లికి బస్సు నడపమని రాష్ట్రాన్నీ నిలదీయాలి.