ఇద్దరు అమ్మల బిడ్డకు ఏ దేశం?

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగాలు చేసుకుంటూ నాలుగేళ్ల పాపను పెంచుతున్న ఇద్దరు మహిళలను ఊహించుకుందాం. బడి దరఖాస్తులో, ఆస్పత్రి సమ్మతి పత్రంలో, పాస్‌పోర్టులో తల్లి ఒక్కరే. రెండో ఆమె రోజూ పాపకు అన్నం తినిపించి స్కూలు బస్సు ఎక్కిస్తుండవచ్చు, కాగితాల్లో మాత్రం ఆమె ఎవరూ కాదు. ఇలాంటి కుటుంబం దేశం విడిచి వెళ్లాలనుకుంటే ముందుగా చూసేది స్వలింగ వివాహం చెల్లే దేశాల జాబితానే. పిల్లలున్నవారికి ఆ జాబితా సగం దారే చూపిస్తుంది. అక్కడికి వెళ్లాక రెండో ఆమె కూడా చట్టం దృష్టిలో తల్లి అవుతారా? ఊరు మారినా, దేశం మారినా ఆ హోదా నిలుస్తుందా? అన్నిటికంటే ముందు తేలాల్సినవి ఇవే.

ఇక్కడ ఆ దారి ఎలా మూసుకుపోయిందో తెలిసిందే. హైదరాబాద్‌కు చెందిన ఇద్దరు పురుషులు మొదటి పిటిషనర్లుగా ఉన్న 'సుప్రియో' కేసులో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్న దానిపై ఐదుగురు న్యాయమూర్తులదీ ఒకే మాట. దత్తత నిబంధనలపై మాత్రం 3-2గా చీలిపోయారు, నిబంధనలే నెగ్గాయి. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లనూ కోర్టు కొట్టేసింది. దాంతో 'కారా' నిబంధనల్లోని షరతు అలాగే ఉండిపోయింది: జంటగా దత్తత తీసుకోవాలంటే కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలి. ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లాడినైనా దత్తత తీసుకోవచ్చు, ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు. 2021 నాటి సరోగసీ చట్టం ఇద్దరు మగవాళ్లకు ఆ తలుపు పూర్తిగా మూసేసింది. ఒంటరి మహిళకు దాత వీర్యంతో ఐవీఎఫ్‌ చేయించుకునే వీలు మాత్రం మిగిలింది.

అసలు చిక్కు దత్తత దగ్గరే మొదలవుతుంది. సహజీవనంలో ఉన్న ఒంటరి దరఖాస్తుదారులకు దత్తత ఇవ్వబోమని కారా 2022 జూన్‌ 16న సర్క్యులర్‌ ఇచ్చింది. అంటే బిడ్డ కావాలంటే భాగస్వామి లేనట్టే కనిపించాలి. కొన్నేళ్ల తర్వాత అదే జంట కెనడాకు దరఖాస్తు చేస్తే అధికారి అడిగే రుజువు దీనికి సరిగ్గా ఎదురు. కెనడాలో పెళ్లి తప్పనిసరి కాదు, కనీసం ఏడాదిపాటు ఒకే ఇంట్లో కలిసి బతికినట్టు చూపిస్తే చాలు. ఇద్దరి పేర్ల మీద అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, కరెంటు బిల్లు కావాలి. దత్తత ఫైలులో ఒంటరి అని ఉండి, వలస ఫైలులో అవే సంవత్సరాలకు సహజీవనం అని రాస్తే రెండింట్లో ఒకటి అబద్ధం. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే కెనడాలో ఐదేళ్ల నిషేధం. నిజం రాస్తే ఇక్కడి దత్తత ఫైలు మళ్లీ ఎవరైనా తెరుస్తారేమోనన్న భయం. దత్తత తర్వాత కలిసినవారికీ, ఐవీఎఫ్‌ ద్వారా బిడ్డను కన్నవారికీ ఈ బెడద లేదు. మిగతావారు విమానం టికెట్ల కంటే ముందు వెతకాల్సింది రెండు దేశాల చట్టాలూ తెలిసిన లాయరును.

ఈ గండం దాటితే కెనడా దారి సాఫీగానే ఉంటుంది. భాగస్వామి, బిడ్డ ఒకే కుటుంబంగా ఒకే దరఖాస్తులో వెళ్తారు. చేరాక ఆ రాష్ట్ర చట్టం కింద రెండో ఆమె బిడ్డను దత్తత తీసుకోవచ్చు. ఆస్ట్రేలియా కూడా సహజీవనాన్ని గుర్తిస్తుంది. బ్రిటన్‌ రెండేళ్ల బంధాన్ని అడుగుతుంది.

అమెరికా అలా కాదు. హెచ్‌-4 వీసాకు పెళ్లి కాగితం ఉండాల్సిందే, అది జరిగిన చోట చెల్లుబాటయ్యేదై ఉండాలి. భారత్‌ అలాంటి కాగితం ఇవ్వదు కాబట్టి ముందు మరో దేశంలో పెళ్లి చేసుకోవాలి. ఆ పెళ్లితో భాగస్వామి బిడ్డ వలస చట్టం లెక్కలో సవతి బిడ్డ అవుతుంది, వీసా వస్తుంది. కానీ సవతి తల్లి అంటే తల్లి అని కాదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో దిగాక కోర్టు ద్వారా దత్తత పూర్తి చేసుకోవాలి. జార్జియాలో ఒక మహిళకు దక్కిన దత్తతను అలబామా కోర్టు కాదంటే, 2016లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఒక రాష్ట్ర కోర్టు ఉత్తర్వును మరో రాష్ట్రం గౌరవించి తీరాలంది. జనన ధ్రువపత్రానికి అంత బలం లేదు. ఉద్యోగం మారితే రాష్ట్రం మారే తెలుగు ఐటీ కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. పైగా 2025 సెప్టెంబరు నుంచి విదేశాల్లో ఉన్నవారికి వేసే కొత్త హెచ్‌-1బీ దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుము పడింది.

దగ్గరి దేశాల సంగతి. నేపాల్‌లో 2023 జూన్‌లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది, ఆ నవంబరులో లమ్‌జుంగ్‌ జిల్లాలో తొలి నమోదు జరిగింది. కానీ అది తాత్కాలిక రిజిస్టరులో నమోదే. థాయిలాండ్‌ చట్టం 2025 జనవరి 23న అమల్లోకి వచ్చింది. పెళ్లీ ఉమ్మడి దత్తతా ఇచ్చింది కానీ చట్టంలో 'తల్లి, తండ్రి' పదాలను మార్చలేదు. తైవాన్‌లో 2019 నుంచి పెళ్లి, 2023 నుంచి ఉమ్మడి దత్తత ఉన్నాయి. భాష నేర్చుకోవడానికి సిద్ధపడితే ఆసియాలో పిల్లలున్నవారికి ఇదే మెరుగైన చోటు. సింగపూర్‌ 2022లో పాత నేర సెక్షన్‌ను తీసేస్తూనే, పెళ్లి నిర్వచనాన్ని కోర్టులు మార్చకుండా రాజ్యాంగ సవరణ తెచ్చింది. జీతం ఎంత బాగున్నా అక్కడ రెండో అమ్మకు డిపెండెంట్‌ పాస్‌ రాదు. ఇక తెలుగువాళ్లు లక్షల్లో వెళ్లే గల్ఫ్‌ గురించి చెప్పేదేముంది, అక్కడి చాలా దేశాల్లో ఈ బంధమే నేరం.

వెళ్లలేనివారు చాలామందే ఉంటారు. ముసలి తల్లిదండ్రులు, ఇంటి అప్పు, వయసు మీరి తగ్గిపోయిన వలస పాయింట్లు. వారికి ఉన్నది వీలునామా. చట్టబద్ధ తల్లి తన తర్వాత బిడ్డకు సంరక్షకురాలిగా భాగస్వామి పేరు రాయవచ్చు. అమ్మమ్మో మేనమామో కోర్టుకు వెళితే మాత్రం బిడ్డ మేలు ఎవరి దగ్గరన్నది న్యాయమూర్తే తేలుస్తారు.

సుప్రీంకోర్టులో ఇచ్చిన మాట ప్రకారం కేంద్రం 2024 ఏప్రిల్‌లో క్యాబినెట్‌ కార్యదర్శి నేతృత్వంలో కమిటీ వేసింది. ఆ సెప్టెంబరులో కొన్ని చర్యలు ప్రకటించింది. రేషన్‌ కార్డులో ఒకే కుటుంబంగా లెక్కించడం, ఉమ్మడి బ్యాంకు ఖాతాకు అడ్డు లేదనడం, భాగస్వామి చనిపోతే మృతదేహాన్ని తీసుకునే వీలు కల్పించడం అందులో ఉన్నాయి. దత్తత ఊసు లేదు.