పనేమీ లేకుండా లడఖ్ పోకూడదా?

పోస్ట్ కొంచెం పెద్దది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మేము నలుగురం. అందరం దొరవారిసత్రం మండలం కాలనీల వాళ్ళమే, యానాదులం. ఒకే హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. రెండు నెలల కింద హాస్టల్ గదిలో గోడకు ఇండియా మ్యాపు అంటించి, దొరవారిసత్రం నుంచి లడఖ్‌లో లేహ్ దాకా ఎర్ర పెన్నుతో గీత గీశాం. రెండు బైకులు, నలుగురు మనుషులు, ఒక వైపుకే మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు. ఆ గీత చూసిన ప్రతి ఒక్కరూ ఒకటే అడిగారు: "ఆడ మీకేం పని?"

హాస్టల్లో సీనియర్లు అడిగారు. ఇంటి దగ్గర అడిగారు. ఈ గ్రూపులోనే ఒక అన్న కాస్త కోపంగా అడిగాడు, మన పిల్లలు టెన్త్ కూడా దాటకుండా రొయ్యల గుంటల కాడికి పోతుంటే మీకు లడఖ్ కావాల్సొచ్చిందా అని. ఆ అన్న మీద మాకు కోపం లేదు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ "ఏం పని" అనే మాట దగ్గర మేము ఆగిపోయాం. రెండు నెలలుగా దాని గురించే మాట్లాడుకుంటున్నాం.

మా వాళ్ళు తిరగని వాళ్ళు కాదు కదా. నాయనలు ఇటుక బట్టీలకు తమిళనాడు పోయారు. చెరుకు నరకడానికి పోయారు. అమ్మలు కోతలకు, నాట్లకు ట్రాక్టర్ ట్రక్కుల్లో ఏ ఊరో తెలియకుండానే పోయారు. మేమూ చిన్నప్పుడు ఆ ట్రక్కుల్లో మూటల మీద పడుకుని పోయిన వాళ్ళమే. కాకపోతే మా ఇళ్ళల్లో ఎవరు ఊరు దాటినా ముందు ఒక అడ్వాన్సు ఉంటుంది, చివర ఒక మేస్త్రీ ఉంటాడు. ఆ రెండూ లేకుండా ఊరు దాటడం అంటే ఏందో మా ఇళ్ళల్లో ఎవరికీ తెలీదు. అందుకే అవ్వ అడిగింది, "మేస్త్రీ ఎవురురా?" అని. లేడంటే నమ్మలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. నేలపట్టు పక్షుల కేంద్రం ఉండేది మా మండలంలోనే. చలికాలం వస్తే గూడబాతులు, తెల్ల కంకణాలు, ఎర్రకాళ్ళ కొంగలు చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో కార్లలో వస్తారు. మూర పొడుగు లెన్సులున్న కెమెరాలు పెట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెట్ల వైపు చూస్తుంటారు. ఫ్లెమింగో ఫెస్టివల్ అప్పుడైతే బస్సులే బస్సులు. వాళ్ళను ఎవరూ "ఈడ మీకేం పని" అని అడగలేదు. మేమూ అడగలేదు, దారి చూపించాం. చూడ్డానికి రావడం కూడా ఒక పనేనని వాళ్ళ విషయంలో అందరూ ఒప్పుకుంటారు. మా విషయంలోనే ప్రశ్న వస్తుంది. పైగా ఆ ప్రశ్న ముందు మన లోపల నుంచే వస్తుంది, అదే బాధ.

ఇక లడఖే ఎందుకు? నిజం చెప్తాం, మొదట రీల్స్ చూసే. బుల్లెట్ బండి, నల్ల జాకెట్, మంచు కొండ, వెనక పాట. కానీ ప్లాన్ కోసం చదవడం మొదలుపెట్టాక వేరే సంగతులు తెలిశాయి. ఆ రీల్స్‌లో అవి ఎవరూ చెప్పరు.

2011 లెక్కల ప్రకారం లడఖ్ జనాభా 2 లక్షల 74 వేలు. అందులో నూటికి దాదాపు 80 మంది షెడ్యూల్డ్ తెగల వాళ్ళే. బోట్, బాల్టీ, బ్రోక్పా, చాంగ్‌పా, పురిగ్పా, మోన్, బేడా, గర్రా, ఇలా ఎనిమిది తెగలను 1989లో ఎస్టీ లిస్టులో చేర్చారు. చాంగ్‌పాలు పశ్మీనా మేకలు మేపుకుంటూ ఎత్తు మైదానాల్లో తిరిగే వాళ్ళు. 2019 అక్టోబర్ 31 నుంచి లడఖ్ అసెంబ్లీ లేని కేంద్రపాలిత ప్రాంతం. తమ భూమికి, ఉద్యోగాలకు రక్షణగా ఆరో షెడ్యూల్ కావాలని, రాష్ట్ర హోదా కావాలని వాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. 2025 సెప్టెంబర్ 24న లేహ్‌లో ఆ ఆందోళనలో కాల్పులు జరిగి నలుగురు చనిపోయారు. మా నెల్లూరు వైపు ఐదో షెడ్యూల్ ఏరియా అంటూ లేదు కాబట్టి షెడ్యూల్ అంటే ఏందో మాకు పుస్తకంలో చదివితేనే తెలుసు. అక్కడ దానికోసం మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అది మన లాంటి వాళ్ళ దేశం అని రీల్స్ చూసినంత కాలం మాకు తట్టనే లేదు.

రెండోది రోడ్డు. లడఖ్‌లో సరిహద్దు రోడ్లు వేసేది బోర్డర్ రోడ్స్ ఆర్గనైజేషన్. ఆ రోడ్ల మీద తారు పోసే, రాళ్ళు కొట్టే కూలీల్లో చాలామంది జార్ఖండ్‌లోని దుమ్కా వైపు నుంచి వచ్చేవాళ్ళు, సంతాలీలు. 2020 లాక్‌డౌన్‌లో వాళ్ళు అక్కడ చిక్కుకుపోతే మే 29న 60 మందిని విమానంలో రాంచీకి తీసుకొచ్చారు. మళ్ళీ పదిహేను రోజులకే, జూన్ 13న, దుమ్కా నుంచి సుమారు 1,600 మంది కూలీలతో రైలు లడఖ్ పనికి బయలుదేరింది. "ప్రపంచంలోనే ఎత్తైన రోడ్డు" అని అందరూ బండి ఆపి ఫోటో దిగుతారు కదా, ఆ రోడ్డు మీద ఆదివాసీ పోయింది పార పట్టుకునే. మేము ఆ రోడ్డు మీద బండి మీద పోవాలనుకుంటున్నాం. దారిలో వాళ్ళు కనిపిస్తే ఆగి, చేతనైన హిందీలో పలకరించాలనుకుంటున్నాం. "ఏం పని" అంటే ఇదీ ఒక పని అనుకోండి.

పూర్ణ అక్క సంగతి మీ అందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం, గురుకులంలో చదువు, 2014 మే 25న పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. భువనగిరి గుట్ట మీద మొదలైన ట్రైనింగు లడఖ్ చలి దాకా పోయింది. మేము చేసేది అంత గొప్పది కాదు, పోలిక కూడా పెట్టం. అయితే ఒకటి గమనించండి. రికార్డు వస్తుందంటే మనల్ని పంపడానికి అందరూ ఒప్పుకుంటారు. రికార్డూ లేదు, మెడలూ లేదు, ఊరికే పోయి చూసొస్తాం అంటే ఎవరికీ మింగుడు పడదు. మాకు ఊరికే పోవడమే కావాలి.

డబ్బు గురించి. స్కాలర్‌షిప్ డబ్బుతో టూరా అని కొందరన్నారు. ఆ డబ్బు ఎప్పుడు పడుతుందో హాస్టల్లో ఉన్న ఎవరినైనా అడగండి, దాన్ని నమ్ముకుని టీ కూడా తాగలేం. మేము పెళ్ళిళ్ళ సీజన్‌లో క్యాటరింగ్‌కు పోతున్నాం, ఆ డబ్బులు ఒక డబ్బాలో వేస్తున్నాం. లెక్క ఇది. రానూ పోనూ, అక్కడ తిరిగేదీ కలిపి 7,000 కిలోమీటర్లు. వందసీసీ బండి, లీటరుకు 55 వస్తుందనుకుంటే 127 లీటర్లు. లీటరు 105 చొప్పున బండికి పదమూడు వేల మూడు వందల చిల్లర. బండికి ఇద్దరం కాబట్టి మనిషికి ఆరు వేల ఏడు వందలు. తిండి, పడక రోజుకు 350 అనుకుంటే 28 రోజులకు 9,800. టైర్లు, చైను సెట్టు, స్వెట్టర్లు, చేతి తొడుగులు, పంక్చర్ కిట్టు అన్నీ కలిపితే మనిషికి ఇరవై రెండు వేలకు అటూ ఇటూ. యాభై వేల జాకెట్టు, రెండు లక్షల బండి లేకపోతే లడఖ్ పోకూడదని చెప్పే వీడియోలను మేము చూడ్డం మానేశాం.

అట్లని తేలిగ్గా కూడా తీసుకోలేదు. మేము సముద్రం పక్క ఊళ్ళ వాళ్ళం. లేహ్ ఊరే 3,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. దారిలో తంగ్లాంగ్ లా కనుమ 5,300 మీటర్ల పైన. ఆ ఎత్తులో గాలి ఇక్కడి దాంట్లో సగమే. మనిషికీ అంతే, ఇంజనుకూ అంతే. తలనొప్పి, వాంతులు మొదలైతే మొండికి పోకుండా కిందికి దిగాల్సిందే. అందుకే మొదట మనాలీ మీదుగా పోదామనుకున్న గీతను మార్చాం. హైదరాబాద్ నుంచి 44వ నంబర్ జాతీయ రహదారి పట్టుకుని నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ, జమ్మూ మీదుగా శ్రీనగర్. అక్కడి నుంచి జోజి లా, ద్రాస్, కార్గిల్ మీదుగా లేహ్. ఇట్లా పోతే ఎత్తు కొంచెం కొంచెంగా పెరుగుతుంది, ఒంటికి అలవాటవుతుంది. లేహ్‌లో రెండు రోజులు కదలకుండా ఉండాలి. తిరుగు దారి మనాలీ వైపు. అక్కడ తాండీ పెట్రోల్ బంకు దగ్గర తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరం అని బోర్డే ఉంటుంది. మనం ఎదురు వైపు నుంచి వస్తాం కాబట్టి లేహ్ వైపే క్యాన్లలో కూడా నింపుకోవాలి. రోడ్డుకు అడ్డంగా పారే వాగులు మధ్యాహ్నానికి మంచు కరిగి పొంగుతాయంట, పొద్దున్నే దాటేయాలి. ఇంకొకటి, మన ప్రీపెయిడ్ సిమ్ములు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడే కావాలి. మా నలుగురిలో ఒక్కడికీ లేదు.

ఇవన్నీ సర్దుకునే కష్టాలు. అసలు కష్టం కాగితాలు.

మా రెండు బండ్లలో ఒకటి మాలో ఒకడి నాయనది. నాయనదంటే, రొయ్యల గుంట కాపలా కూలి బాకీ కింద ఓనరు ఇచ్చిన పాత బండి. ఆర్సీ ఇప్పటికీ ఓనరు పేరు మీదే ఉంది. పోయిన సంక్రాంతికి మేమిద్దరం రాత్రి పూట ఆ బండి మీద వస్తుంటే చెకింగ్‌లో ఆపారు. ఎక్కడో రాయడం లేదు. "ఎవురి బండిరా?" అన్నారు. చెప్పాం. ఏ ఊరన్నారు. కాలనీ పేరు చెప్పాం. ఆ తర్వాత అడిగే పద్ధతి మారిపోయింది. ఓనరు ఫోన్ ఎత్తలేదు. తెల్లారి ఆయన వచ్చి "నా బండేలే సార్" అనేదాకా బయట అరుగు మీదే కూర్చున్నాం. కొట్టలేదు, తిట్టలేదు. పక్కనే ఆపిన ఇంకో ఇద్దరి దగ్గర కూడా కాగితాలు లేవు. వాళ్ళు ఫైను కట్టి పావుగంటలో వెళ్ళిపోయారు.

1871లో తెల్లవాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911లో అది మన మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన ఎరుకల వాళ్ళను, మా యానాదుల్లో కొందరిని కూడా దాని కిందకు తెచ్చారు. పేరు రాయించుకోవాలి, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. మా తాతలు పుట్టే నాటికి అది ఉంది. ఆ రాత్రి అరుగు మీద కూర్చున్నప్పుడు మాకు ఇవేవీ తెలీదు, తర్వాత లైబ్రరీలో చదివాం. చదివాక అర్థమైంది, అవ్వ "ఆడ ఎవురన్నా పట్టుకుంటే?" అని ఎందుకు పదేపదే అడుగుతుందో.

ఇంటి దగ్గర ఆపితే తెల్లారేసరికి ఎవరో ఒకరు వస్తారు. మూడు వేల కిలోమీటర్ల అవతల, ఫోన్ పనిచేయని చోట, భాష రాని చోట, ఇంకొకరి పేరున్న బండితో ఆపితే? అందుకే ఈ జూన్‌లో పోవాలన్న ప్లాన్‌ను వచ్చే జూన్‌కు మార్చాం. మానుకోలేదు. నలుగురిలో ఇద్దరికే లైసెన్స్ ఉంది. ఒకడికి ఎల్ఎల్ఆర్ తీయాలి, నెల ఆగి డ్రైవింగ్ టెస్టు. ఇంకొకడికి ఆధార్‌లో పుట్టిన తేదీయే తప్పు, జనన ధ్రువీకరణ లేదు, ముందు అది దొరకాలి. వాడు పుట్టింది చెరుకు తోట దగ్గర. బండి ట్రాన్స్‌ఫర్‌కు ఫారం 29, ఫారం 30 మీద ఓనరు సంతకాలు కావాలి. ఓనరు "చూద్దాం లే" అంటున్నాడు. బాకీ తీరిందని ఒప్పుకున్నట్టు అవుతుందని ఆయన ఆలోచన, మాకు తెలుసు. నాయన అడగలేడు. మేమే పోయి అడుగుతున్నాం, ఇప్పటికి మూడు సార్లు.

గ్రూపులో కోపగించుకున్న అన్నకు మా జవాబు ఇదే అన్నా. గుంటల కాడికి పోయే తమ్ముళ్ళ గురించి మీరన్నది నిజం. కానీ లడఖ్ ప్లాన్ వేసుకోకపోతే ఆ బండి ఇంకో పదేళ్ళు ఓనరు పేరు మీదే తిరిగేది, వాడి పుట్టిన తేదీ తప్పుగానే ఉండేది. ఎవరికీ పట్టేది కాదు. మాకే పట్టేది కాదు.

ఒక అక్క ఇన్‌బాక్స్‌లో అడిగింది, నలుగురూ మగపిల్లలేనా, ఆడపిల్లలు పోకూడదా అని. మా దగ్గర మంచి జవాబు లేదక్కా. మా కాలనీల్లో డిగ్రీ దాకా వచ్చిన ఆడపిల్లలు ఇద్దరే, వాళ్ళను మేము అడగనే లేదు. అడగాల్సింది.

ఇప్పుడు మీ నుంచి కావాల్సినవి. ఆర్మీలోనో, రోడ్ల పనిలోనో లేహ్, కార్గిల్ వైపు చేసిన మన అన్నలు ఉంటే చెప్పండి, వందసీసీ బండి మీద ఇద్దరు కనుమ ఎక్కగలరా, లేక ఒకరు దిగి నడవాలా? చెరుకు తోట దగ్గర పుట్టిన పిల్లోడికి జనన ధ్రువీకరణ తెప్పించిన అనుభవం ఎవరికైనా ఉంటే ఏ ఆఫీసులో మొదలుపెట్టారో రాయండి. పాత చలి జాకెట్లు ఉంటే పారేయొద్దు, సైజు ఏదైనా పర్లేదు.