గ్రాంటు కాగితానికా, జ్ఞాపకానికా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల స్త్రీల చరిత్ర రాద్దామని ఎవరైనా పూనుకుంటే మొదట వినిపించే మాట "ఆధారాలేవీ?" అని. జమీందారుల దస్తావేజులున్నాయి. కలెక్టరాఫీసు ఫైళ్లున్నాయి. పోలీసు రికార్డులు, కోర్టు తీర్పులు ఉన్నాయి. కానీ పోడు చేసుకు బతికిన సవర, జాతాపు స్త్రీలు, షావుకారు ఇంట కంబారిగా ఉన్నవాడి భార్య, రంగూన్ వెళ్లిన మొగుడి కబురు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన తీరప్రాంతపు ఆడవాళ్లు ఆ కాగితాల్లో ఎక్కడున్నారు? ఉంటే గింటే ఒక వేలిముద్రగానో, ఫలానావాడి భార్యగానో ఉంటారు. వీళ్ల చరిత్ర వీళ్ల నోట ఉంది, పాటల్లో ఉంది, ట్రంకుపెట్టె అడుగున దాచుకున్న పాత పట్టాలోనూ రసీదులోనూ ఉంది. దాన్ని భద్రపరచడానికి ఎవరు డబ్బు పెడతారు, ఏ షరతుల మీద పెడతారు అన్నది మనం తేల్చుకోవలసిన రాజకీయ ప్రశ్న.

1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో జరిగే గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్నవారి మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ రెండు పేర్లూ మనకు తెలుసు. 1969 డిసెంబరులో సుబ్బారావు పాణిగ్రాహితో పాటు ప్రాణాలు కోల్పోయిన పంచాది నిర్మల పేరూ తెలుసు. అప్పుల కింద పంట తీసుకుపోవడానికి వచ్చినవాళ్లకు అడ్డం నిలబడినవాళ్లు, అజ్ఞాతంలో ఉన్నవాళ్లకు అంబలి పోసినవాళ్లు, మగవాళ్లు జైళ్లలో ఉండగా పిల్లల్నీ పొలాన్నీ సాకినవాళ్లు ఎంతమంది? వాళ్లలో ఎందరి పేర్లు మనకు తెలుసు? ఆనాటికి 20 ఏళ్లున్న మనిషి ఇవాళ ఎనభైకి చేరువలో ఉంది. పాత కాగితం పెట్టెలో మరో పదేళ్లు ఆగుతుందేమో గాని ఆమె ఆగదు.

తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల మాటలను రికార్డు చేసి, స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వెలువరించింది. పోరాటం గురించి అప్పటిదాకా నాయకులు రాసినదానిలో లేని ప్రశ్నలెన్నో ఆ పుస్తకం లేవనెత్తింది. పోరాటం ముగిశాక ఇంటికి పొమ్మంటే ఆ స్త్రీలకు ఏమనిపించిందో వాళ్లను అడిగాకే కదా మనకు తెలిసింది! ఆ పని ఉత్తరాంధ్రలోనూ అంత విస్తృతంగా జరగాలి. పూనుకోగల కార్యకర్తలకు మన దగ్గర కొదవ లేదు. వాళ్లను ఊళ్లకు పంపి, నెలల తరబడి పని చేయించగల డబ్బే లేదు.

మరి డబ్బు ఎక్కడుంది? 2003లో కేంద్ర ప్రభుత్వం జాతీయ రాతప్రతుల మిషన్ మొదలుపెట్టింది. దాని నిర్వచనం ప్రకారం రాతప్రతి అంటే కనీసం 75 ఏళ్ల నాటి చేతిరాత గ్రంథం. అచ్చు పుస్తకం లెక్కలోకి రాదు. రెవిన్యూ రికార్డులూ రావు. 2025-26 బడ్జెట్‌లో జ్ఞాన భారతం పేరుతో కోటికి పైగా రాతప్రతులను నమోదు చేసి పరిరక్షిస్తామన్నారు. మంచిదే. తాటాకు గ్రంథాలు చెదలపాలు కాకూడదు. అయితే మన సమాజంలో చదువూ రాతా తరతరాలుగా ఎవరి చేతుల్లో ఉన్నాయి? రాతకే గ్రాంటు ఇస్తామనడమంటే, రాయనివ్వని వాళ్లకు రెండోసారి తలుపు మూయడమే.

విదేశీ నిధుల సంగతి చూద్దాం. అంతరించిపోయే ప్రమాదమున్న పత్రాల కోసం ఆర్కేడియా సంస్థ డబ్బుతో బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి ఒక పథకం నడుపుతోంది. అసలు పత్రాలు దేశం దాటకూడదన్నది దాని నియమం. అది మెచ్చుకోదగ్గది. కాని అలాంటి డబ్బు సీతంపేటలోనో గుమ్మలక్ష్మీపురంలోనో ఉన్న చిన్న మహిళా సంఘానికి చేరే దారి ఇరుకు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో తెచ్చిన సవరణ, ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు ఇవ్వకూడదంది. పెద్ద సంస్థ ద్వారా చిన్న సంఘానికి డబ్బు అందే మార్గం దాంతో మూసుకుపోయింది. పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. గది అద్దె, కరెంటు, లెక్కలు రాసేవారి జీతం ఈ ఖర్చుల్లోకే వస్తాయి. భద్రపరచడం అంటేనే గదీ కరెంటూ మనిషీ కదా!

డబ్బు లేకుండా ఏమీ కాదా అంటే, శ్రీకాకుళంలోనే ఒక జవాబు ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు తన సాహిత్య అకాడమీ పురస్కారం డబ్బు పెట్టి, పాఠకుల, రచయితల తోడ్పాటుతో 1997 ఫిబ్రవరి 22న కథానిలయం ప్రారంభించారు. తెలుగు కథకు ఈ జిల్లాలో ఒక ఇల్లు అమరింది. మాస్టారు 2021లో కన్నుమూసినా ఆ ఇల్లు నిలిచింది. అది నిలవడానికి కారణం ఏళ్ల తరబడి రోజూ తలుపు తీసి, వచ్చినదాన్ని సర్దిన మనుషులు. ఏడాదికి ముగిసే ప్రాజెక్టు ఆ పని చేయలేదు. మరొక సంగతీ ఉంది. కథానిలయం అచ్చయిన కథకు ఇల్లు. అచ్చుకెక్కని మాటకు ఇల్లు ఇంకా కట్టవలసే ఉంది.

తిండికీ బట్టకీ లేనిచోట ఈ జ్ఞాపకాల గొడవ ఎందుకని మనలోనే కొందరు అడుగుతారు. 2006 అటవీ హక్కుల చట్టం కిందటి నిబంధనలు, హక్కుదారులు కాని పెద్దలు చెప్పిన వాంగ్మూలాన్ని రాతలో పెడితే సాక్ష్యంగా స్వీకరిస్తాయి. అదే చట్టం పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలంటుంది. ఏ కొండవాలు ఎవరు కొట్టుకున్నారో, ఎప్పుడు ఎవరు వెళ్లగొట్టారో చెప్పగల ముసలమ్మ మాట ఇప్పుడు నమోదైతే, రేపు ఆమె పొరుగింటివాళ్ల భూమికి అది సాక్ష్యమవుతుంది. పైగా ఇక్కడ సరిహద్దులు మారుతూనే ఉన్నాయి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలోకి పోయింది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో పార్వతీపురం మన్యం కొత్త జిల్లాలయ్యాయి. ఊరు కదలకపోయినా దాని కాగితం కోసం తిరగవలసిన ఆఫీసు మారుతూ వచ్చింది. ఆ తిరుగుడు భారం చదువు రాని ఆడదాని మీద ఎంత పడుతుందో మనలో పని చేసేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

అందుకని గ్రాంటు ఇచ్చేవాళ్లను మనం కొన్ని అడగాలి. మాట కూడా రికార్డేనని ఒప్పుకోవాలి. సవర మాటను సవరలోనే రాసి, ఆ తర్వాతే తెలుగు చేయాలి. మాట సేకరించే పని ఆ ఊరి చదువుకున్న అమ్మాయిలకే ఇచ్చి, సరైన జీతం కట్టాలి. చెప్పిన స్త్రీకి కూలి పోయిన రోజుకు కూలి ఇవ్వాలి. ఒక ప్రతి ఆ ఊళ్లోనో దగ్గరి మండల కేంద్రంలోనో ఉండాలి. స్కానింగు యంత్రానికి ఎంత ఇస్తారో, కనీసం పదేళ్ల పాటు దాన్ని చూసుకునే మనిషికీ అంత ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, చెప్పినదాన్ని ఎవరు వినాలో, ఎప్పుడు వినాలో నిర్ణయించే హక్కు చెప్పినామెదే. పోలీసు క్యాంపులో తనకేం జరిగిందో చెప్పిన స్త్రీ, అది లోకమంతా వినడానికి ఒప్పుకున్నట్టు మనమే అనుకుంటే ఎలా? వేలిముద్ర వేయించుకుని వచ్చేస్తే, షావుకారుకీ మనకీ తేడా ఏముంది?

ఈ షరతులకు ఒప్పుకోని గ్రాంటు ఎంత పెద్దదైనా వద్దనగలగాలి. అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనూ కూడదు. ప్రతి సంఘమూ తన ఊళ్లో డెబ్బై దాటిన స్త్రీల జాబితా ఈ మూడు నెలల్లో తయారుచేయాలి. వాళ్ల అనుమతితో, మన ఫోన్లతోనైనా, ఒక్కొక్కరి మాటా వినడం మొదలుపెట్టాలి.