కణములు పరీక్షించువారికి సవరణ చీటీ ఏది?



నేను బరంపురములో ప్రభుత్వ గుమాస్తాగా ముప్పది మూడేండ్లు పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. చదివినది మెట్రిక్యులేషను మాత్రమే. నిబంధన మారినపుడెల్ల మా కార్యాలయమునకు సవరణ చీటీ వచ్చెడిది. దానిని కోడు పుస్తకములో అతికించిన పిదపనే బిల్లు ముట్టెడివారము. రూపాయల లెక్కకే ఇంత జాగ్రత్త గదా! మనుష్యుల కణములు పరీక్షించువారికి సవరణ చీటీ ఎవరు పంపుచున్నారు?

నిరుడు నా భార్యకు మెడపై గడ్డ కనబడగా, సూదితో కణములు తీయించి ఇచటి ఒక లేబొరేటరీలో పరీక్ష చేయించితిమి. రిపోర్టులో "అనుమానాస్పదము" అని ఒక్కమాట వ్రాసిరి. ఆపరేషనుకు రోజు కుదిరినది. మా అల్లుడు ఆ స్లైడులనే విశాఖపట్నము తీసికొనిపోయి చూపించగా, అవి రెండవ తరగతివని, కేన్సరు కాదని తేలినది. ఆపరేషను తప్పినది. అప్పుడప్పుడు స్కానింగు మాత్రము చేయించుచున్నాము.

థైరాయిడు కణపరీక్ష ఫలితములను ఆరు తరగతులుగా వ్రాయు బెథెస్డా పద్ధతి 2010లో పుస్తకరూపమున వచ్చినది. 2017లోను, 2023లోను సవరింపబడినది. మరల సూది పరీక్ష చేయవలెనా, ఆపరేషనా, ఊరక కనిపెట్టి యుండుటయా అన్నది తరగతిని బట్టి నిర్ణయింతురు. మా రిపోర్టులో తరగతియే లేదు.

స్లైడులకు రంగువేసి మొదట చూచిన టెక్నీషియనును అడిగితిని. "బాబుగారూ, నేను కోర్సు చదివి ఇరువది యేండ్లయినది. తరువాత నన్నెవరూ ఎక్కడికీ పంపలేదు. నా అంతట వెళ్ళితే ఆ రోజు జీతము కోత" అని చెప్పెను. అతనిని తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు.

వైద్యులు ఐదేండ్లకు కనీసము 30 గంటలు శిక్షణ సమావేశములకు హాజరు కావలెనని 2002 నాటి వృత్తి నియమావళిలో నున్నది. అది కాగితముపై మిగిలిపోరాదు. టెక్నీషియనులకును అట్టి నియమము కావలెను. అమెరికాలో 1988 నాటి చట్టము గర్భాశయ ముఖద్వార కణములు చూచువారికి సామర్థ్య పరీక్షలు విధించినది.

మన పార్లమెంటు 2021లో అనుబంధ ఆరోగ్యవృత్తులకు చట్టము చేసినది. దాని క్రింది రాష్ట్ర మండలులు రిజిస్ట్రేషను కొనసాగింపునకు శిక్షణను షరతుగా పెట్టవలెను. శిక్షణ దినములను డ్యూటీగా పరిగణించి ప్రయాణభత్యము ఇప్పించవలెను. వైద్య కళాశాలలు నెలకొక పూట చిన్న ఊళ్ల టెక్నీషియనులను పిలిచి, నిర్ధారణ జరిగిన పాత స్లైడులపై అభ్యాసము చేయింపవచ్చును. దీనికి కొత్త భవనములు అక్కరలేదు.

మా అల్లునికి తీరిక, రైలు చార్జీలు ఉన్నవి గనుక మేము బ్రతికి బయటపడితిమి. అవి లేనివారి గతి ఏమిటో అధికారులు యోచింతురు గాక.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
బరంపురం, గంజాం జిల్లా