రాత్రి ఏడింటి క్లాసు

ఈ సంచిక బ్రెజిల్‌లో భాషా బడులు పెట్టుకున్న పరదేశీయుల గురించి. రియోలో 1934లో కుల్తూరా ఇంగ్లేజా మొదలైన నాటి నుంచీ అక్కడ ఇంగ్లిషు నేర్పే సంస్థలకు కొదవ లేదు. కొత్తగా వచ్చినవాళ్లు వాటి మధ్యే చోటు వెతుక్కోవాలి.

ఇలాంటి కోర్సులకు విద్యాశాఖ అనుమతి అక్కర్లేదు. అంతమాత్రాన పని సులువు కాదు. ముందు సీపీఎఫ్ అనే పన్ను నంబరు కావాలి. తర్వాత సంస్థకు సీఎన్‌పీజే అనే నమోదు నంబరు, నగరపాలక లైసెన్సు, అగ్నిమాపక శాఖ అనుమతి. ఇక గది అద్దెకు అడిగితే, చాలాచోట్ల సొంత ఆస్తి ఉన్న జామీనుదారుణ్ణి తెమ్మంటారు. ఊళ్లో ఎవరూ తెలియని మనిషి ఎవరిని తెస్తాడు? నా దృష్టిలో అసలు పరీక్ష అదే. కాగితాల సంగతి అకౌంటెంటు చూసుకుంటాడు. పూచీ పడే మనిషి మాత్రం ఇరుగుపొరుగుతో కలిసిమెలిసి బతికితేనే దొరుకుతాడు.

టీచరును ఉద్యోగంలో పెట్టుకుంటే, పన్నెండు నెలల జీతానికి అదనంగా, 1962 నుంచి చట్టంలో ఉన్న పదమూడో జీతం ఏడాది చివర ఇవ్వాలి. సరిగ్గా అప్పుడే వేసవి సెలవులు మొదలై క్లాసులు ఖాళీ అవుతాయి.

పగలంతా పనిచేసి, కిక్కిరిసిన బస్సులో నిలబడి వచ్చి, రాత్రి ఏడింటికి నోటుబుక్కు తెరిచే అక్కడి విద్యార్థులంటే నాకు ఎనలేని గౌరవం. అందుకే ఈసారి ఎక్కువ పేజీలు వాళ్లకే ఇచ్చాం.