బారసాల పేరు, పిలుపు పేరు

పసిబిడ్డకు మల్లేనే మందుబిళ్ళకూ రెండు పేర్లుంటాయి. బారసాలనాడు బియ్యంమీద రాసిన పేరొకటి, వీధిలో అందరూ పిలిచే పేరొకటి. మందుల షాపులో మనం అడిగేది పిలుపు పేరే. ఆ పేరు ఒక్క కంపెనీదే అయితే ధరా ఆ కంపెనీ చెప్పిందే.

ఉద్దానంలో ఈ సంగతి చెప్పుకోక తప్పదు. కొబ్బరికీ, జీడికీ, పనసకూ పేరుపడ్డ సీమ మాది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఎన్నో ఏళ్ళుగా కిడ్నీ జబ్బు పీడిస్తోంది. కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి తెరిచారు. వైద్యం దగ్గరికొచ్చింది, సంతోషమే. మరి ఇంటికొచ్చాక నెలనెలా మింగవలసిన బిళ్ళల మాటేమిటి?

ఒక బిళ్ళ కథ చెబుతాను. దాని బారసాల పేరు ఎంపాగ్లిఫ్లోజిన్, పిలుపు పేరు జార్డియన్స్. జర్మనీలోని బోరింగర్ ఇంగెల్‌హైమ్ కంపెనీ దాన్ని చక్కెర వ్యాధికని తెచ్చింది. తరవాత 6,600 మంది కిడ్నీ రోగులమీద పరిశోధన చేస్తే, చక్కెర లేనివారిలో కూడా కిడ్నీ చెడడం నెమ్మదించిందని 2022లో తేలింది. కాని అప్పట్లో బిళ్ళ ఖరీదు సుమారు 60 రూపాయలు ఉండేది. రోజుకొకటి చొప్పున నెలకు 1,800! కొబ్బరి పీచు పనికి వెళ్ళే ఇంట్లో ఆ డబ్బు బియ్యంతో, పిల్లల ఫీజులతో పోటీపడాల్సి వచ్చేది.

2025 మార్చి 11న మనదేశంలో దాని పేటెంటు గడువు తీరింది. వెంటనే మన కంపెనీలు చాలా అదే మందును తమతమ పేర్లతో అమ్మకానికి పెట్టాయి. కొన్ని బిళ్ళ 10 రూపాయల లోపే!

రాత్రికి రాత్రి మందు మారిందా? లేదు, గుత్తహక్కు పోయింది. 1970 నాటి చట్టం తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చేది, మందుకు ఇచ్చేది కాదు. 2005 నుంచి మందుకే 20 ఏళ్ళ పేటెంటు వచ్చింది. కనిపెట్టినవాడికి ప్రతిఫలం ఉండాలి, న్యాయమే. కిడ్నీ మాత్రం అన్నాళ్ళు ఆగదు గదా!

“చవకది పనిచేస్తుందా?” అని మా ఇంట్లోవాళ్ళే అడుగుతారు. మందు అదే, మోతాదు అదే. కొత్తగా కనిపెట్టే ఖర్చు లేదు, పోటీ ఉంది, అందుకే ధర తగ్గింది. రసీదు అడిగి తీసుకోండి, గడువు తేదీ చూసుకోండి, అంతే. మందుల అసలు పేర్లు స్పష్టంగా రాయాలని డాక్టర్ల నియమావళిలోనే ఉంది. 2016లో ఆ మాటను మరింత గట్టిగా సవరించారు. కాబట్టి అడగడానికి మొహమాటం అక్కరలేదు.

అలాగని ఈ బిళ్ళ అందరికీ పడేది కాదు. ఆ పరిశోధన ఉద్దానంలో జరిగినదీ కాదు. డయాలిసిస్ దాకా వెళ్ళినవారి సంగతి వేరు. పక్కింటివారి చీటీ చూసి మనం కొనుక్కుంటే ప్రమాదం. ఎవరికి ఏది తగునో డాక్టరే చెప్పాలి.

ఈసారి పలాసకో, టెక్కలికో వెళ్ళేటప్పుడు, వాడుతున్న మందులూ వాటి ఖరీదులూ ఒక కాగితంమీద రాసి పట్టుకెళ్ళండి. “వీటిలో ఏవి చవకగా దొరుకుతాయండీ?” అని అడగండి. ఖరీదు భరించలేక ఇంట్లో చెప్పకుండా మానేసిన బిళ్ళ ఏదైనా ఉంటే, సిగ్గుపడకుండా ముందు ఆ మాట చెప్పండి.