పశువుల చెవిపోగులు

2019వ సంవత్సరమున గాలికుంటు వ్యాధి నివారణకై జాతీయ కార్యక్రమ మారంభమైనది మొదలు, మన పల్లెలలో ఆవుల చెవులకును గేదెల చెవులకును 12 అంకెలుగల పసుపుపచ్చని పోగులు విరివిగా కనబడుచున్నవి. కొందరు తలిదండ్రులు వీనిని సర్కారువారి ముచ్చటగా నెంచుచున్నారు. అది పొరపాటు. ఇన్సూరెన్సు చేయించిన పశువు చచ్చినపుడు ఆ పోగే సాక్షి. అది లేనిచో పైకము రాదు. మా పొరుగింటి పాడిగేదె పాముకాటున చచ్చెను. పోగు అంతకు మాసము ముందే ముండ్లకంచెలో నూడిపోయియుండెను. ఆ యింటి వితంతువునకు కాసైనను దక్కలేదు.

లోపము తఱచుగా గ్రుచ్చుటలో నుండును. చెవి యంచున గ్రుచ్చిన పోగు కంపకును పలుపునకును తగులుకొని చెవిని చీల్చుకొని పోవును. చెవి నడుమ, ఈనెల మధ్య, నెత్తురునాళములను తప్పించి గ్రుచ్చినది నిలుచును. లోహపు రేకుకంటె పాలియురేథేను మేలు. అది వంగును గాని చెవిని కోయదు. సిరాతో వ్రాసిన యంకెలు ఎండవానలకు వెలిసిపోవును. లేజరుతో ముద్రించినవి చాలకాల ముండును. దినమునకు ఎన్ని చెవులు గ్రుచ్చితిమను లెక్కకంటె, ఏడాది గడచిన పిమ్మట ఎన్ని పోగులు నిలిచినవను లెక్కయే ముఖ్యమని నా యభిప్రాయము.

విద్యార్థులారా, మీ యింట పశువున్నచో ఆ 12 అంకెలను నేడే నోటుపుస్తకమున వ్రాసి యుంచుడు. పోగు ఊడినచో ఆ దినముననే పశువైద్యశాలకును ఇన్సూరెన్సువారికిని తెలుపుడని తండ్రిగారితో చెప్పుడు.